ఔట్‌బోర్డ్ మోటారులో ఇంధన పీడనం తగ్గితే: ట్యాంకు నుంచి మొదలుపెట్టి లోపాన్ని పట్టుకునే పద్ధతి

ఔట్‌బోర్డ్ మోటారు, అంటే బోటు వెనుక బయట తగిలించే ఇంజను, రేవులో ఒక్క పట్టుకే స్టార్టయి, స్లోలో నికరంగా ఆడి, తీరా బోటు మొగ దాటాక థ్రాటిల్ పెంచేసరికి వేగం పుంజుకోకుండా దిగిపోయి, థ్రాటిల్ తగ్గించగానే మళ్లీ తేరుకుంటున్నదంటే, ముందుగా అనుమానించవలసింది దానికి అందుతున్న పెట్రోలును. స్లోలో ఉన్నప్పుడు ఇంజనుకు కావలసిన ఇంధనం చాలా కొద్ది. వంద హార్స్ పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజను స్లోలో గంటకు ఒకటి రెండు లీటర్లతో సరిపెట్టుకుంటుంది, పూర్తి థ్రాటిల్‌లో మాత్రం గంటకు 30 లీటర్లకు పైనే తీసుకుంటుంది. సగం పూడిపోయిన ఫిల్టరు కూడా ఆ ఒకటి రెండు లీటర్లను అందించగలదు కాబట్టి, ఒడ్డున ఎంత సేపు నడిపి చూసినా లోపం బయటపడదు. బరువు మోస్తూ నీటిలో పరుగెత్తినప్పుడే అది తెలుస్తుంది.

ఇలాంటి ఫిర్యాదు వినగానే హై ప్రెషర్ పంపు పోయిందని తీర్మానించి కొత్తది తెప్పించడం చాలాచోట్ల అలవాటుగా ఉంది. ఆ పంపు ఖరీదైన సామాను, వెంటనే దొరికేది కూడా కాదు. తీరా బిగించాక ఇంజను మళ్లీ అలాగే దిగిపోతే, డబ్బుతో పాటు కొన్ని రోజుల పని కూడా పోతుంది. పంపును చివర అనుమానించాలి, ట్యాంకును మొదట అనుమానించాలి అన్నదే ఈ వ్యాసంలోని పద్ధతికి ఆధారం. పెట్రోలు ఏ దారిన వస్తుందో ఆ దారినే మనమూ రావాలి. ప్రతి మజిలీలోనూ కొలిచి చూడాలి, కొలతలో తేలిన దాన్నే మార్చాలి.

ఆలస్యం చేయడానికి ఇది చిన్న లోపం కూడా కాదు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం వేడిగా మండుతుంది, డిటొనేషన్, అంటే సిలిండరులో మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం, మొదలైతే పిస్టన్ తల కరిగి చిల్లు పడే దాకా పోవచ్చు. టూ స్ట్రోక్ ఇంజన్లలో, ముఖ్యంగా ఆయిలును పెట్రోలులోనే కలిపి పోసే వాటిలో, పెట్రోలు తగ్గిందంటే ఆయిలు కూడా తగ్గినట్లే కాబట్టి నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. థ్రాటిల్ తెరిస్తే దిగిపోతున్న ఇంజనును బలవంతంగా అదే థ్రాటిల్‌లో ఇంటిదాకా లాగడం కన్నా, తేరుకునే వేగానికి తగ్గించుకుని నెమ్మదిగా రేవు చేరడం మంచిది.

ఇక్కడ ప్రధానంగా చెబుతున్నది 40 నుంచి 150 హార్స్ పవర్ వరకు ఉండే, ఫ్యూయల్ ఇంజెక్షన్ కలిగిన ఫోర్ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్ల గురించి. కార్బురేటర్ ఉన్న చిన్న ఇంజన్లకు తేడా ఎక్కడ వస్తుందో దాని చోట చెబుతాను. యమహా హెచ్‌పీడీఐ, మెర్క్యురీ ఆప్టిమాక్స్, ఎవిన్‌రూడ్ ఈ-టెక్ వంటి డైరెక్ట్ ఇంజెక్షన్ టూ స్ట్రోక్ ఇంజన్లు మీ దగ్గర ఉంటే, ట్యాంకు, పైపుల దాకా ఈ పద్ధతి వర్తిస్తుంది. ఆ తరువాతి భాగం పూర్తిగా వేరు. వాటిలో హెచ్‌పీడీఐ రకంలో ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, అంటే ఫ్యూయల్ రైలులో, పీడనం వందల పీఎస్ఐలలో (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది. మామూలు గేజి తగిలించడం ప్రమాదం.

పెట్రోలు నడిచే దారి

ట్యాంకులోని పికప్ గొట్టం నుంచి పెట్రోలు బయలుదేరి, అమర్చిన ట్యాంకు అయితే యాంటీ సైఫన్ వాల్వు గుండా, నీటిని వేరుచేసే ఫిల్టరు గుండా, చేతితో నొక్కే రబ్బరు ప్రైమర్ బల్బు గుండా ఇంజనుకు చేరుతుంది. కవరు కింద ఇంకొక చిన్న ఫిల్టరు ఉంటుంది. దాని తరువాత లిఫ్ట్ పంపు. ఈ పంపు పెట్రోలును వేపర్ సెపరేటర్ అనే చిన్న ట్యాంకులోకి పంపుతుంది, అక్కడ ఫ్లోటు, నీడిల్ వాల్వు కలిసి మట్టాన్ని నిలుపుతాయి. పెట్రోలు ఆవిరి బుడగలు కూడా అక్కడే విడిపోతాయి. అక్కడి నుంచి విద్యుత్తుతో నడిచే హై ప్రెషర్ పంపు పెట్రోలును ఇంజెక్టర్లున్న ఫ్యూయల్ రైలుకు నెడుతుంది, రెగ్యులేటర్ మిగులును వెనక్కి తిప్పి పంపుతుంది.

ఈ దారిని రెండు భాగాలుగా చూడాలి. ట్యాంకు నుంచి లిఫ్ట్ పంపు దాకా ఉన్నది పెట్రోలును లాగే భాగం, అక్కడి నుంచి రైలు దాకా ఉన్నది నెట్టే భాగం. నెట్టే భాగంలో చిల్లు పడితే పెట్రోలు బయటికి కారుతుంది, వాసన వస్తుంది, కంటికి కనిపిస్తుంది. లాగే భాగంలో చిల్లు పడితే, ఇంజను నడుస్తున్నంతసేపు పెట్రోలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పగిలిన స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగబోతే నోట్లోకి గాలే వచ్చినట్లు, పైకి పొడిగా, శుభ్రంగా కనిపించే జాయింటు దగ్గరే ఇంజనుకు గాలి అందుతూ ఉండవచ్చు. “ఎక్కడా కారడం లేదు, పైపులు బాగానే ఉన్నాయి” అన్న మాట ఈ భాగం విషయంలో నమ్మదగినది కాదు. ఎక్కువ లోపాలు దొరికేది కూడా ఈ భాగంలోనే.

చేయి పెట్టే ముందు

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది పైకి పోదు, బోటు అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. పని చేసేటప్పుడు ఇంజను కవరు, అడుగు గదుల మూతలు తీసి గాలి ఆడనివ్వాలి, బీడీ, సిగరెట్, వంట స్టవ్ దరిదాపుల్లో ఉండకూడదు, డ్రై పౌడర్ మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. పైపు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. ఇంజెక్షన్ ఇంజను ఆపిన తరువాత కూడా రైలులో పీడనం నిలిచి ఉంటుంది కాబట్టి, గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ పీడనాన్ని ముందు వదిలించాలి. ఒడ్డున ఇంజను స్టార్ట్ చేయవలసి వస్తే నీటి డ్రమ్ములో దించి గానీ, నీళ్లు పీల్చే రంధ్రాలకు ఫ్లషింగ్ మఫ్‌లు (రబ్బరు కప్పులు) తగిలించి నీళ్లు వదిలి గానీ మాత్రమే చేయాలి. పొడిగా నడిపితే కూలింగ్ నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో దెబ్బతినడం మొదలవుతుంది.

రెండు తేలికైన పరీక్షలు

పనిముట్లు ఏమీ లేకుండానే సగం దారిని అనుమానం నుంచి తప్పించవచ్చు. మొదటిది బల్బు పరీక్ష. ఇద్దరు ఉండాలి. ఒకరు బోటు నడుపుతూ లోపం వచ్చే వేగానికి తీసుకుపోవాలి, ఇంజను దిగిపోవడం మొదలవగానే రెండో మనిషి ప్రైమర్ బల్బును వరసగా నొక్కాలి. నొక్కుతున్నంతసేపు ఇంజను తేరుకుని లాగి, ఆపగానే మళ్లీ దిగిపోతే, లోపం వేపర్ సెపరేటర్‌కు ముందే ఉందన్నమాట, అంటే ట్యాంకులోనో, పైపులోనో, లిఫ్ట్ పంపులోనో. నొక్కినా ఏ మార్పూ రాకపోతే హై ప్రెషర్ భాగాన్ని, దానితో పాటు ఇగ్నిషన్‌ను కూడా చూడాలి. మిస్సింగ్ అంతా పెట్రోలు వల్లనే రాదు.

ఆ పరీక్ష జరిగేటప్పుడే బల్బు ఆకారాన్ని గమనించాలి. ఇంజను నడుస్తుండగా బల్బు కొంచెం మెత్తబడడం మామూలే. అది లోపలికి పీక్కుపోయి చప్పిడిగా మారితే, బల్బుకు ముందు, ట్యాంకు వైపు ఎక్కడో అడ్డు ఉంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఎంతసేపు నొక్కినా గట్టిపడకపోతే, ఎక్కడో గాలి లాగుతోంది లేదా బల్బులోని వాల్వులు పనిచేయడం లేదు. నొక్కేటప్పుడు బాణం గుర్తు ఇంజను వైపు, బల్బు నిలువుగా పైకి ఉండాలి. అడ్డంగా పట్టుకుని నొక్కితే కొన్ని బల్బుల లోపలి వాల్వులు సరిగ్గా కూర్చోవు, బాగున్న బల్బు కూడా పాడైనట్లు కనిపిస్తుంది.

రెండో పరీక్ష ఇంకా గట్టిది. వేరే బోటు నుంచి బాగా పనిచేస్తున్న పోర్టబుల్ ట్యాంకును, దాని పైపు, బల్బు, కనెక్టరుతో సహా తెచ్చి, అందులో తాజా పెట్రోలు పోసి, నేరుగా ఇంజనుకు తగిలించి నీటిలో నడపాలి. లోపం పోతే అది మీ ట్యాంకులో గానీ, పైపుల్లో గానీ, బోటు మీది ఫిల్టరులో గానీ ఉంది, ఇంజను కవరు తీయవలసిన పనే లేదు. లోపం అలాగే ఉంటే, కింది రెండు అధ్యాయాలు వదిలి ఇంజను వైపు వెళ్లవచ్చు. ఖర్చు లేని ఈ ఒక్క పరీక్షను దాటవేసి సామాన్లు మార్చడం మొదలుపెట్టడం ఏ విధంగానూ సరికాదు.

ట్యాంకు

పోర్టబుల్ ట్యాంకు మూతమీద గాలి స్క్రూ ఉంటుంది. రవాణాలో బిగించి, వేటకు పోయేటప్పుడు వదులు చేయడం మరిచిపోతే, పెట్రోలు తగ్గిన కొద్దీ లోపల శూన్యం ఏర్పడి ట్యాంకు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, పదిహేను ఇరవై నిమిషాలు బాగా నడిచిన ఇంజను ఆ తరువాత దిగిపోతుంది. అమర్చిన ట్యాంకుకు గాలి పైపు బోటు పక్కనుంచి బయటికి వస్తుంది. దాని నోట్లో కందిరీగ గూడు పెట్టినా, ఉప్పు పేరుకున్నా, పైపు మధ్యలో కుంగి అక్కడ పెట్రోలు నిలిచినా ఫలితం ఒకటే. కాసేపు నడిచి దిగిపోయే ఇంజనుకు ట్యాంకు మూత తెరవగానే గాలి లోపలికి పీల్చిన శబ్దం వచ్చి ఇంజను తేరుకుంటే, లోపం దొరికినట్లే.

పికప్ గొట్టం చివరి జల్లెడలో జిగురు, తుప్పు, ఊడివచ్చిన రబ్బరు ముక్కలు పేరుకుంటాయి. గొట్టం పైభాగంలో సన్నని పగులు ఉంటే, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగుండి, సగానికి దిగగానే గాలి లాగడం మొదలవుతుంది. ‘ట్యాంకు సగమయ్యాకే ఈ గొడవ’ అని ఎవరైనా చెబితే నేరుగా ఆ గొట్టాన్నే తీసి చూడాలి. యాంటీ సైఫన్ వాల్వులో ఉండే చిన్న గోళీ, స్ప్రింగు ఉప్పుగాలికి బిగుసుకుపోతాయి. అలాంటి వాల్వును మార్చాలి తప్ప, తీసేసి మామూలు నిపుల్ పెట్టకూడదు, ఎందుకంటే పైపు తెగినప్పుడు ట్యాంకంతా బోటు అడుగున ఖాళీ కాకుండా ఆపేది అదే.

పైపు, బల్బు, కనెక్టర్లు

పైపు విషయంలో కళ్లను నమ్మకూడదు. పైన నల్లగా, నునుపుగా ఉన్న పైపులో లోపలి పొర ఊడి, ఇంజను గట్టిగా లాగినప్పుడల్లా తలుపులా అడ్డుపడుతూ, ఆపగానే తిరిగి గోడకు అంటుకుంటుంది. బయటినుంచి ఊది చూసినా తెలియదు. పైపు నాలుగేళ్లకు మించి పాతదై, చివర కోసి చూస్తే లోపలి పొర వదులుగా, జిగటగా ఉంటే, ఇక పరీక్షలు అక్కర్లేదు, మొత్తం పైపును బల్బుతో సహా మార్చేయాలి.

కొత్త పైపు పెట్రోలుకు, ఎథనాల్‌కు తట్టుకునే మెరైన్ ఫ్యూయల్ పైపే అయివుండాలి. అడిగిన పొడుగు కోసి ఇచ్చే పారదర్శక పీవీసీ పైపు చవక, లోపల పెట్రోలు కనిపిస్తుంది కూడా, కానీ ఎండకు, పెట్రోలుకు కొన్ని నెలల్లోనే బిరుసెక్కి జాయింటు దగ్గర పగులుతుంది. దాన్ని పరీక్ష కోసం ఒక అడుగు ముక్కగా వాడుకోవాలి, శాశ్వతంగా బిగించకూడదు. లోపలి వ్యాసం కూడా ముఖ్యమే. మధ్యరకం, పెద్ద ఇంజన్లలో చాలావాటికి సుమారు 9.5 మిల్లీమీటర్లు, అంటే 3/8 అంగుళం పైపు కావాలి. చిన్న ఇంజను నుంచి పెద్ద ఇంజనుకు మారినప్పుడు పాత సన్న పైపునే ఉంచేయడం వల్ల, కొత్త ఇంజను మొదటి రోజు నుంచీ పూర్తి వేగం అందుకోని సందర్భాలు ఉంటాయి.

జాయింట్లకు స్టెయిన్‌లెస్ స్టీల్ క్లిప్పులు వాడాలి. ప్లాస్టిక్ టై పట్టీలు, బైండింగ్ వైరు లాగే భాగంలో పనికిరావు. పెట్రోలు కారకుండా అవి ఆపగలవేమో కానీ గాలిని ఆపలేవు. కనెక్టరు లోపలి ఓ రింగును గోటితో నొక్కి చూడండి, పగుళ్లు ఉన్నా, చదునుగా అణిగిపోయినా మార్చండి. ఈ ఓ రింగు చాలా చవకైన సామాను, ఇంజను దిగిపోయే బాధకు కారణంగా తరచూ దొరికేది కూడా అదే.

నీళ్లు, పాత పెట్రోలు, ఈ20

నీటిని వేరుచేసే ఫిల్టరును విప్పి, అందులో ఉన్నదంతా ఒక గాజు సీసాలోకి వంచి, అరగంట కదలకుండా ఉంచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. మంచి పెట్రోలు పైనుంచి కిందిదాకా ఒకే రంగులో, తేటగా ఉంటుంది. నీళ్లుంటే అడుగున వేరే పొర స్పష్టమైన గీతతో విడిపోతుంది. సీసాను మెల్లగా వంచితే ఆ గీత కూడా వంగి అడుగున కదలడం కనిపిస్తుంది. తుప్పు రేణువులు, ఎర్రటి మడ్డి, నల్లటి రబ్బరు పొడి ఉంటే అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఆలోచించాలి. ఎర్రది లోహపు ట్యాంకు నుంచీ, నల్లది పైపు లోపలి పొర నుంచీ వస్తుంది. ఫిల్టరు ఎలిమెంటును 10 మైక్రాన్ రకంతో మార్చాలి, పాతదాన్ని పెట్రోలుతో కడిగి మళ్లీ పెట్టకూడదు.

మన దేశంలో 20 శాతం ఎథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లోనూ అదే మామూలు పెట్రోలు అయింది. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీల మాన్యువళ్లు 10 శాతం ఎథనాల్ వరకే అనుమతిస్తాయి. రోడ్డు మీది బండి కన్నా బోటుకు ఇది ఎక్కువ సమస్య కావడానికి కారణం ఉంది: బోటు ట్యాంకు గాలి పైపు ద్వారా ఎప్పుడూ సముద్రపు తేమగాలిని పీలుస్తూ ఉంటుంది, పెట్రోలు వారాల తరబడి కదలకుండా ఉంటుంది. ఎథనాల్ ఆ తేమను తనలో కలుపుకుంటుంది, హద్దు దాటాక నీళ్లతో పాటు తానూ పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. పికప్ గొట్టం ఉండేది ఆ అడుగునే. ఎథనాల్ శాతం ఎక్కువైతే కలుపుకునే నీటి మోతాదు పెరుగుతుంది, అయితే విడిపోయినప్పుడు అడుగున చేరే పొర కూడా అంత మందంగా ఉంటుంది. పాత రబ్బరు పైపుల పొరలు ఉబ్బడం, ట్యాంకు గోడలకు ఏళ్లుగా అంటుకున్న జిగురు కరిగి ఫిల్టరులో చేరడం కూడా ఎథనాల్ వల్ల జరుగుతాయి. అలా విడిపోయిన పెట్రోలును మళ్లీ కలిపే మందు లేదు, ట్యాంకు ఖాళీ చేసి, తుడిచి, తాజా పెట్రోలు పోయడం ఒక్కటే దారి. మీ ఇంజను ఎంత శాతం వరకు తట్టుకుంటుందో మాన్యువల్లో చూసుకుని, దానికి తగ్గట్టు పైపులు, ఓ రింగులు తరచుగా మార్చుకోవాలి.

వాక్యూమ్ గేజి చెప్పే మాట

ట్యాంకు మార్చి చూసినా తేలకపోతే, లేదా లోపం లాగే భాగంలోనే ఉందని తేలి ఏ జాయింటో తెలియకపోతే, లిఫ్ట్ పంపుకు ముందు పైపును కోసి, T ఆకారపు కనెక్షన్‌తో వాక్యూమ్ గేజిని (శూన్యాన్ని కొలిచే గేజి), దాని పక్కనే ఒక అడుగు పారదర్శక పైపు ముక్కను తగిలించాలి. బోటును లోపం వచ్చే వేగంలో నడుపుతూ రెండింటినీ చూడాలి. చాలా కంపెనీల మాన్యువళ్లు ఇక్కడ శూన్యం 2.5 నుంచి 4 అంగుళాల పాదరసం (ఆ గేజి మీది కొలత) దాటకూడదని చెబుతాయి. దాన్ని మించితే ట్యాంకు వైపు అడ్డు ఉంది. అప్పుడు గేజిని ఒక్కొక్క భాగం వెనక్కి, అంటే ఫిల్టరుకు అవతల, బల్బుకు అవతల, ట్యాంకు దగ్గరకు జరుపుకుంటూ పోతే, అంకె ఎక్కడ ఒక్కసారిగా తగ్గుతుందో ఆ భాగానికి, అంతకుముందు కొలిచిన చోటుకు మధ్యనే అడ్డు దొరుకుతుంది.

గేజి తక్కువ చూపిస్తూ, పారదర్శక ముక్కలో సన్నని బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి లాగుతున్నట్లు. స్టార్ట్ చేసిన వెంటనే వచ్చే ఒకటి రెండు బుడగలను లెక్కచేయనక్కర్లేదు, నిమిషం తరువాత కూడా వస్తుంటే ఆలోచించాలి. బుడగలు వస్తున్నప్పుడు ఒక్కొక్క జాయింటునూ చేతితో గట్టిగా పట్టుకుని, కొంచెం వంచి చూడాలి, బుడగలు ఆగిన చోటే లోపం. శూన్యమూ లేక, పెట్రోలూ రాక, పైపు నిశ్చలంగా ఉంటే లిఫ్ట్ పంపు లాగడం లేదు.

లిఫ్ట్ పంపు

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి ఇది కామ్‌షాఫ్ట్ నెట్టే డయాఫ్రం (సాగే పొర) పంపు, కొన్నిటికి విద్యుత్ పంపు. డయాఫ్రం చిరిగితే రెండు గుర్తులు కనిపిస్తాయి: పంపు ఒత్తిడి పడిపోవడం, ఇంజను ఆయిలులోకి పెట్రోలు దిగడం. అందుకని డిప్ స్టిక్ తీసి ఆయిలు మట్టం ఉండవలసిన దానికన్నా పెరిగిందేమో, పలచబడిందేమో, పెట్రోలు వాసన వస్తోందేమో చూడాలి. ఆ గుర్తు కనిపిస్తే పంపు మార్చి ఆయిలు, ఆయిలు ఫిల్టరు కూడా మార్చేదాకా ఇంజనును నడపకూడదు, పెట్రోలు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. పంపు తరువాత గేజి తగిలిస్తే ఈ రకం పంపులు మామూలుగా 3 నుంచి 7 పీఎస్ఐ మధ్య ఇస్తాయి.

కార్బురేటర్ ఇంజన్లకు ఇదే ఉన్న ఒక్క పంపు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేసులోని గాలి ఒత్తిడి హెచ్చుతగ్గులే దాన్ని నడుపుతాయి కాబట్టి, పంపు వెనుక ఉన్న గాస్కెట్, గాలి రంధ్రం శుభ్రంగా ఉండాలి. ఈ ఇంజన్లలో పంపు బాగానే ఉండి కూడా దిగిపోతుంటే, కార్బురేటర్ బౌల్ అడుగున చేరిన నీటిచుక్కనూ, పూడిన మెయిన్ జెట్‌నూ చూడాలి. ఈ మెయిన్ జెట్‌ను తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదైతే మిశ్రమం శాశ్వతంగా మారిపోతుంది. కార్బురేటర్ క్లీనర్, గాలి ఊదడం చాలు.

హై ప్రెషర్ భాగం

ఇక్కడికి వచ్చేసరికి పెట్రోలు తాజాదని, లాగే భాగంలో అడ్డు గానీ గాలి గానీ లేదని, లిఫ్ట్ పంపు పనిచేస్తోందని రుజువై ఉండాలి. కాకపోతే వెనక్కి వెళ్లడమే మంచిది.

కీ ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లపాటు వేపర్ సెపరేటర్ నుంచి పంపు గూయ్‌మన్న శబ్దం వస్తుంది. శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టరు, ఆ తరువాతే పంపు. ఉప్పుగాలికి కనెక్టరు పిన్నుల మీద పచ్చటి తుప్పు పడుతుంది, శబ్దం వచ్చినా పంపుకు పూర్తి వోల్టేజీ అందదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, పంపు కనెక్టరు దగ్గర వోల్టేజీ కొలిస్తే తేడా అర వోల్టు లోపలే ఉండాలి, అంతకు మించితే తీగలనూ, ఎర్త్ బోల్టునూ శుభ్రం చేయాలి. కొన్ని మోడళ్లలో ఈసీయూ (ఇంజనును నియంత్రించే కంప్యూటరు) పంపును క్షణక్షణం ఆపుతూ నడుపుతుంది. అలాంటి వాటిలో మామూలు మల్టీమీటరు అంకె తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి మాన్యువల్లో చెప్పిన పద్ధతినే పాటించాలి.

రైలు చివర ప్లాస్టిక్ మూత కింద, మోటారు సైకిల్ ట్యూబుకు ఉండే రకం వాల్వు ఉంటుంది. గుడ్డ చుట్టి 0 నుంచి 100 పీఎస్ఐ గేజిని దానికి బిగించాలి. ఈ వాల్వు లేని ఇంజన్లలో టీ అడాప్టరు కావాలి. ఈ తరగతి ఇంజన్లలో చాలావాటికి ఉండవలసిన పీడనం 35 నుంచి 45 పీఎస్ఐ మధ్య, అంటే సుమారు 2.4 నుంచి 3.1 బార్. మీ మోడల్‌కు కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లోనిదే.

ఒక్క అంకెను చూసి తీర్మానించకూడదు, గేజి సూది ఎలా కదులుతున్నదో చూడాలి. కీ ఆన్ చేయగానే సూది వేగంగా లేచి నిలవాలి. స్లోలో సరిగా ఉండి, నీటిలో బరువు మీద థ్రాటిల్ పెంచినకొద్దీ నెమ్మదిగా పడిపోతే, పంపుకు ముందున్న సన్నని ఫిల్టరు పూడిందో, వేపర్ సెపరేటర్‌లో మట్టం నిలవడం లేదో, పంపు అలసిపోయిందో అయివుంటుంది. ఇంజను ఆపిన తరువాత కొంత పీడనం కొద్ది నిమిషాలైనా నిలవాలి. వెంటనే సున్నాకు పడితే పంపులోని చెక్ వాల్వు గానీ, రెగ్యులేటర్ గానీ, కారుతున్న ఇంజెక్టరు గానీ కారణం. వేడిగా ఉన్నప్పుడు తిరిగి స్టార్ట్ కావడానికి మొరాయించే ఇంజన్లలో ఈ లోపం తరచుగా ఉంటుంది.

రెగ్యులేటర్‌కు ఇన్‌టేక్ నుంచి సన్నని వాక్యూమ్ పైపు వచ్చే మోడళ్లలో, ఆ పైపు తీసి వాసన చూడాలి. అందులో పెట్రోలు తడి ఉంటే రెగ్యులేటర్ డయాఫ్రం చిరిగింది. స్లోలో ఆ పైపు తీయగానే పీడనం కొంచెం పెరగాలి, పెరగకపోతే రెగ్యులేటర్ స్పందించడం లేదు. రిటర్న్ పైపు బయట రబ్బరుతో ఉన్న ఇంజన్లలో దాన్ని ఒక్క క్షణం మెత్తని క్లాంపుతో నొక్కి చూడవచ్చు: పీడనం గబుక్కున పెరిగితే పంపుకు బలం ఉంది, రెగ్యులేటర్ పెట్రోలును అవసరానికి మించి వెనక్కి వదిలేస్తోంది. పెరగకపోతే పంపునో, దాని ఫిల్టరునో చూడాలి. క్షణానికి మించి నొక్కి ఉంచితే పీడనం హద్దు దాటి పైపులు ఊడే ప్రమాదముంది.

చివరికి వేపర్ సెపరేటర్ విప్పవలసి వస్తే, ముందు దాని అడుగు డ్రెయిన్ స్క్రూ ద్వారా పెట్రోలును సీసాలోకి వదిలి రంగు చూడాలి. లోపల పంపు నోటి దగ్గరి జల్లెడ గోధుమరంగు వార్నిష్‌తో మూసుకుపోయి ఉంటే, పంపు కన్నా ముందు దాన్ని మార్చి మళ్లీ కొలవాలి. ఫ్లోటు స్వేచ్ఛగా ఆడుతోందా, నీడిల్ వాల్వు బిగుసుకుందా అన్నది కూడా అప్పుడే చూడాలి. ఇవన్నీ బాగుండి, వోల్టేజీ కూడా సరిగా ఉండి, పీడనం ఇంకా తక్కువగానే ఉంటే అప్పుడు పంపు మార్చడం న్యాయం. మూతకు కొత్త గాస్కెట్, కొత్త ఓ రింగులు వేయాలి.

బిగించాక

బ్యాటరీ తగిలించి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, కీ రెండు మూడు సార్లు ఆన్ చేసి ఆపుతూ వ్యవస్థలో గాలి తీసేయాలి. పది నిమిషాలు వేచి, విప్పిన ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూసిన తరువాతే స్టార్ట్ చేయాలి. గేజి ఉంచుకునే రేవు దగ్గరి నీటిలో, మనుషుల బరువుతో, పూర్తి థ్రాటిల్‌కు తీసుకెళ్లి, మాన్యువల్లో రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం శ్రేణిని ఇంజను అందుకుంటోందో లేదో చూడాలి. అప్పటి పీడనం, శూన్యం, వోల్టేజీ అంకెలను కవరు లోపలి వైపున చెరగని మార్కరుతో తేదీతో సహా రాసిపెట్టండి. మళ్లీ ఎప్పుడైనా లోపం వస్తే, పోల్చడానికి మీ ఇంజను సొంత కొలతలే ఉంటాయి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో మోటారు బోట్లు రేవులోనే ఉంటాయి, జూన్ 15న ఒక్కసారిగా బయలుదేరతాయి. వరద సహాయానికి ఉంచే రబ్బరు బోట్ల ఇంజన్లు ఏడాదిలో ఇంకా ఎక్కువ కాలం కదలకుండా ఉంటాయి. పైన చెప్పిన లోపాల్లో చాలా భాగం ఆ విరామంలోనే పుడతాయి. ఇంజనును పక్కన పెట్టే ముందు పోర్టబుల్ ట్యాంకు ఖాళీ చేసి మిగిలిన పెట్రోలును వెంటనే వాడేయాలి. అమర్చిన ట్యాంకులో తాజా పెట్రోలు నింపి స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా పాడవకుండా కలిపే మందు) కలిపి, ఆ మిశ్రమం ఇంజెక్టర్ల దాకా చేరేలా పది నిమిషాలు మంచినీటితో ఫ్లష్ చేస్తూ నడపాలి. కార్బురేటర్ ఇంజన్లలో పైపు తీసేసి బౌల్ ఖాళీ చేయాలి. నిషేధం ముగిసే ముందు వారం కొత్త ఫిల్టరు వేసి, దాని పెట్రోలును సీసాలో పోసి చూసి, ఓ రింగులకు చేతివేలితో పల్చగా గ్రీజు రాసి, రేవులోనే పూర్తి థ్రాటిల్‌లో ఒకసారి నడిపి చూడాలి. సముద్రంలోకి పోయేటప్పుడు బోటులో ఒక అదనపు ఫిల్టరు ఎలిమెంటు, ఒక ప్రైమర్ బల్బు, రెండు ఓ రింగులు, నాలుగు స్టీల్ క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవరు ఉండాలి. లాగే భాగంలో వచ్చే లోపాలను ఎక్కువగా వీటితోనే నీటి మీద సరిచేసుకోవచ్చు.